మణికట్టుపై అడుగుల లెక్క

చిత్తూరు జిల్లా పడమటి కొసన, ఒకవైపు కన్నడసీమకును మరియొకవైపు తమిళనాటికిని చేరువగా, పలమనేరు కుప్పముల నడుమనున్న వెంకటగిరికోటను ఆ ప్రాంతమువారు వి.కోట యనియే పిలుతురు. మల్బరీ తోటలు, టమోటా మళ్లు, పాడియావులు జీవనాధారములైన ఆ మెట్టసీమలో నడక యనునది నిన్నమొన్నటివరకు ఎవరును ప్రత్యేకించి సంకల్పించుకొనవలసిన కార్యము కాదు; చేనికిని, సంతకును, బడికిని, జాతరకును కాళ్లే వాహనములుగా ఉండెను. నేడు ఆ పల్లెలలో మోటారుసైకిలు లేని ఇల్లు అరుదు. రాత్రివేళ బోరుమోటారు వేయుటకు చేనికి పోవలసిన పని లేకుండ సెల్‌ఫోనుతోనే వేయు పెట్టెలు వచ్చినవి. కుప్పమున రైలెక్కి బెంగుళూరు పోయి, దినమంతయు కుర్చీలో పనిచేసి, రాత్రికి ఇల్లు చేరువారు పలువురు. శరీరమునకు కదలిక తగ్గిన ఈ కాలముననే ఆ కదలికను లెక్కించి చూపు బ్యాండొకటి మన మణికట్టునకు వచ్చి చేరినది. ఇది మనుష్యుని నిజముగ నడిపించునా, నడిపించినచో ఎంతకాలము నడిపించును, ఎవరికి మేలు, ఎవరికి కాదు అను ప్రశ్నలపై గడచిన ఇరువది యేండ్లలో లోకమున విస్తారమైన పరిశోధన జరిగినది. దానిని మన సీమ జీవితముతో సరిచూచుటయే ఈ వ్యాసోద్దేశము. నా అభిప్రాయమును ముందుగనే చెప్పెదను: ఈ పరికరము నడకను మొదలుపెట్టించుటలో సమర్థమైనది, నిలబెట్టుటలో దుర్బలమైనది, నిలబెట్టు బలము తోడి మనుష్యులనుండియు, నడచుటకు గల ప్రయోజనమునుండియు రావలెను.

అడుగులను లెక్కించు యంత్రము కొత్తది కాదు. 1964లో టోక్యో నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగిన పిమ్మట జపానుదేశమున వ్యాయామముపై ఆసక్తి పెరుగగా, 1965లో యామాసా అను గడియారముల సంస్థ నడుమునకు తగిలించుకొను చిన్న యంత్రమొకదానిని ‘మాన్పోకేయ్’ అను పేర అమ్మకమునకు పెట్టెను. దినమునకు పదివేల అడుగులన్న సంఖ్య ఆ పేరులోనే ఇమిడియుండెను. ఆ సంఖ్య ఏ వైద్యపరిశోధన ఫలితముగను పుట్టినది కాదు. నిండుగ నుండి జ్ఞాపకమున నిలుచునట్టిది గనుక ఎంచుకొనబడినది. అయినను అరువది యేండ్లుగ అది శాస్త్రనిర్ణయమువలె దేశదేశముల సంచరించి, నేడు మన చేతిబ్యాండులలో కూడ తొలిలక్ష్యముగ కూర్చుండియున్నది. 2007లో అమెరికాలో ఫిట్‌బిట్ సంస్థ ఏర్పడిన పిదప ఈ పరికరములు క్రమముగ నడుమునుండి మణికట్టునకు చేరినవి. 2015లో షావోమి సంస్థ తన బ్యాండును మనదేశమున 999 రూపాయలకే తెచ్చుటతో సామాన్యునకును అందుబాటయ్యెను. ఆ మీదట నోయిస్, బోట్, ఫైర్‌బోల్ట్ మొదలగు స్వదేశీయ సంస్థల సరుకు మదనపల్లె, పుంగనూరు దుకాణములలో సెల్‌ఫోను కవర్ల పక్కనే వ్రేలాడసాగెను.

ఇది లెక్కించు విధము తెలియనిదే దాని మాటను ఎంతవరకు నమ్మవచ్చునో తెలియదు. బ్యాండు లోపల మూడు దిశలలోని కుదుపును గుర్తించు సూక్ష్మపరికరమున్నది. మనము నడచునపుడు చేయి ముందుకు వెనుకకు ఊగు లయను అది పట్టుకొని, ఆ లయలో నుండి అడుగులను ఊహించును. కాలిని అది చూడదు, చేతిని మాత్రమే చూచును. గుండెవేగమును కొలుచుటకు వెనుకభాగమున పచ్చని కాంతిని చర్మముపై ప్రసరింపజేసి, రక్తప్రవాహమున కలుగు హెచ్చుతగ్గులను తిరిగివచ్చు కాంతిలో లెక్కించును. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు ఏడు రకముల పరికరములను పరీక్షించి, వానిలో ఆరింట గుండెవేగపు లెక్క నూటికి అయిదు పాళ్ల లోపు తప్పుతోనే వచ్చుచున్నదనియు, ఖర్చయిన కేలరీల లెక్క మాత్రము మేలైన పరికరమునందు సైతము నూటికి 27 పాళ్లు తప్పుచున్నదనియు తేల్చిరి. కావున రాత్రి బ్యాండు చూపిన కేలరీల సంఖ్యను నమ్మి, ఆ మేరకు మరియొక రాగిముద్ద తినవచ్చునని లెక్కకట్టుట తగదు.

ఈ యంత్రపు పరిమితి మన సీమ పనిలో ఎట్లు బయటపడునో ఒక పట్టుపురుగుల షెడ్డులో నిలిచి చూచినచో తెలియును. నాలుగవ జ్వరము, అనగా నాలుగవసారి కుబుసము విడుచు దశ, దాటిన పురుగు ఆకును విపరీతముగ తినును. పంట మొత్తమునకు కావలసిన ఆకులో అత్యధికభాగము ఆ చివరి వారమునందే ఖర్చగును. ఆ వారము ఇంటి ఆడవారికి నిద్ర చాలదు. తెల్లవారకముందే తోటకు పోయి మల్బరీ కొమ్మలు కోసి, కట్టగట్టి, తలపై నెత్తుకొని రెండు చేతులతో అదిమిపట్టి గట్టువెంట నడచి వచ్చునపుడు చేయి ఊగదు. బరువుతో నడచిన ఆ అడుగులలో చాలభాగము బ్యాండునకు కనబడదు. షెడ్డులోనికి వచ్చి తట్టలయొద్ద దాదాపు ఒకేచోట నిలిచి రెండు చేతులతో ఆకు చల్లునపుడు, నడువని అడుగులను కొన్నిటిని అది కలిపి వ్రాసికొనును. గతుకుల దారిలో మోటారుసైకిలుపై సంతకు పోవువాని చేతిబ్యాండు కూడ కొన్ని వందల అడుగులు కానుకగ నిచ్చుటయు అందరెరిగినదే. దీనివలన పరికరము వ్యర్థమని నేననను; కుర్చీలో పనిచేయువానికొరకు రూపొందిన లెక్క శ్రమజీవికి అట్లే సరిపోదని మాత్రము గ్రహింపవలెను. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులే ప్రకటించిన మరియొక అధ్యయనమున, నిజముగ నడచినదానికంటె తక్కువ అడుగులు చూపు గడియారమును ధరించినవారికి తమపై తమకు విశ్వాసము తగ్గి, ఆహారపు అలవాట్లు చెడి, రక్తపోటు సైతము పెరిగినట్లు కనబడెను. తలపై మోపుతో నడచిన స్త్రీకి రాత్రి ‘నీ లక్ష్యము నెరవేరలేదు’ అని చెప్పు యంత్రము చేయు అపకారము చిన్నది కాదు.

ఇక మూలప్రశ్న. బ్యాండు కట్టుకొన్నవారు ఎక్కువ నడచుచున్నారా? అవును. 2007లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో దేనా బ్రవాటా మొదలగువారు 26 అధ్యయనములను కూడదీసి చూడగా, అడుగుల లెక్క చూచుకొన్నవారు అట్లు చూచుకొననివారికంటె దినమునకు రమారమి 2,500 అడుగులు అధికముగ నడచిరి. ఇంత నడువవలెనను లక్ష్యమును ముందుగ నిర్ణయించుకొనుటయే ఈ ఫలితమునకు ముఖ్యహేతువని వారు కనుగొనిరి. 2022లో ఆస్ట్రేలియా పరిశోధకులు 39 సమీక్షలను మరల సమీక్షించి, ధరించు పరికరములవలన దినమునకు సుమారు 1,800 అడుగులు, లేక నలుబది నిమిషముల నడక అదనముగ చేరునని తేల్చిరి. బరువు మాత్రము ఒక కిలో మేరకే తగ్గెను. పిండివంటలు మానకయే నడక ఒక్కటే శరీరమును సన్నబరచునని ఆశపెట్టుకొనువారు ఈ చివరిమాటను గమనింపవలసియున్నది.

నడిపించుట ఒక విషయము, నడకను నిలుపుట మరియొక విషయము. 2016వ సంవత్సరమున ఈ రెండవదానిపై మూడు నాలుగు ప్రౌఢమైన పరిశోధనలు వెలువడినవి. అవన్నియు కలిపి చదువదగినవి. పిట్స్‌బర్గు నగరమున జాన్ జాకిసిచ్ బృందము స్థూలకాయులైన 471 మంది యువజనులను ఇరువది నాలుగు నెలలు పరిశీలించెను. అందరికిని మొదటి ఆరు నెలలు ఆహారవ్యాయామముల బోధ ఒకే రీతిగ జరిగెను. అటుపిమ్మట సగముమందికి పరికరము ఇచ్చి, తక్కినవారిని తమ లెక్కను తామే వ్రాసికొనుమనిరి. కడకు పరికరము ధరించినవారు 3.5 కిలోలు తగ్గగా, చేతితో వ్రాసికొన్నవారు 5.9 కిలోలు తగ్గిరి. సింగపూరున ఎరిక్ ఫింకెల్‌స్టీన్ ప్రభృతులు 800 మంది ఉద్యోగులను నాలుగు వర్గములుగ విభజించి, ఒక వర్గమునకు నడచినందుకు నగదు, మరియొక వర్గమునకు వారి పేర ధర్మకార్యములకు విరాళము ఏర్పరచిరి. నగదు పుచ్చుకొన్నవారు ఆరు నెలలును అందరికంటె చురుకుగ నడచిరి. నగదు నిలిచిన ఆరు నెలలకు వారి ఆధిక్యము అంతరించెను. ఏ వర్గమునందును బరువునందుగాని రక్తపోటునందుగాని చెప్పుకోదగిన మేలు కనబడలేదు. పెన్సిల్వేనియాలో మితేశ్ పటేల్ జరిపిన ప్రయోగము ఇంకొక కోణము చూపెను. దినమునకు ఏడువేల అడుగులు నడచినచో డబ్బిత్తుమనుటకంటె, డబ్బును ముందే వారి ఖాతాలో వేసి, నడువనినాడు తిరిగి తీసికొందుమనుట ఎక్కువ ఫలించెను. చేతికందినది పోవునను భయము రానున్నదను ఆశకంటె బలవత్తరమని గృహస్థులందరికిని తెలిసినదే. దానిని నడకకు ముడివేయుటలో పటేల్ నేర్పు కలదు.

జోర్డన్ ఎట్కిన్ అను పరిశోధకురాలి ప్రయోగములు నాకు అన్నిటికంటె లోతైనవిగ తోచును. నడక, చదువు, రంగులు పూయుట మొదలగు పనులను లెక్కపెట్టుచు చేయించినపుడు జనులు ఎక్కువ చేసిరి, కాని తక్కువ ఆనందించిరి. లెక్క తీసివేసిన పిదప ముందటికంటె తక్కువ చేయుటకే మొగ్గిరి. తనకు తానుగ ఇష్టమై చేయు పనిని సంఖ్య కొలుచునప్పుడు, ఆ పని ఉద్యోగపు ఛాయను పొందును. ఉదయపు చలిగాలిలో చెరువుకట్టపై నడచుట ఎవనికి సహజముగ ప్రీతికరమో వానికి బ్యాండు అనవసరము, ఒకానొకప్పుడు హానికరము కూడ. నడక ఎవనికి అప్రియమో, ఎంత తక్కువ కదలుచున్నాడో ఎవనికి తెలియదో, వానికే అది ఉపకరించును. దుకాణదారు ఈ భేదమును చెప్పడు.

ఎన్ని అడుగులు చాలును అన్నదానిపై పదివేలన్న పాతసంఖ్య నేడు సడలినది. హార్వర్డు పండితురాలు ఐ-మిన్ లీ 2019లో సగటున డెబ్బదిరెండేండ్ల వయసుగల 16,741 మంది స్త్రీలను పరిశీలించి ప్రకటించినదానిప్రకారము, దినమునకు 2,700 అడుగులు నడచువారికంటె 4,400 నడచువారికి మరణపు ముప్పు నూటికి 41 పాళ్లు తక్కువ. 7,500 దాటిన పిమ్మట అదనపు మేలు కనబడదు. 2022లో పదునైదు దేశవిదేశ అధ్యయనములను కలిపి చూచినవారు అరువది దాటినవారికి ఆరు నుండి ఎనిమిది వేలు, అంతకు చిన్నవారికి ఎనిమిది నుండి పదివేలు చాలునని చెప్పిరి. 2025లో వెలువడిన సమీక్ష ఏడువేలను ఆచరణీయమైన గురిగ సూచించినది. వీనియందెల్ల ఒక్కటి సమానము: మేలంతయు తొలి కొన్ని వేల అడుగులలోనే వేగముగ కలుగును. మూడువేలు నడచువాడు అయిదువేలకు చేరుటవలన పొందు లాభము, తొమ్మిదివేలవాడు పదునొకండువేలకు పోవుటవలన కలుగు లాభముకంటె ఎంతయో పెద్దది. పదివేలు కానరాలేదని దిగులుతో బ్యాండును విప్పి బీరువాలో పడవేయు వృద్ధులకు ఈ మాట ఎవరైనను ముందే చెప్పియుండవలసినది.

మనదేశపు అవసరము గొప్పది. 2022నాటికి భారతదేశమున వయోజనులలో దాదాపు సగముమంది, స్త్రీలలో నూటికి 57 మంది, చాలినంత శరీరశ్రమ లేనివారని ప్రపంచ ఆరోగ్యసంస్థ పరిశోధకులు ప్రకటించిరి. 2023లో వెలువడిన భారత వైద్యపరిశోధన మండలి సర్వే దేశమున పదికోట్లకు పైగ మధుమేహరోగులున్నారని తెలిపెను. అయితే ఈ సగటులను వి.కోటవంటి చోట జాగరూకతతో అన్వయింపవలెను. మల్బరీతోటలో కూలికి పోవు స్త్రీకిని, అదే వీథిలో దుకాణపు గల్లాపెట్టెయొద్ద కూర్చున్న షావుకారుకును ఒకే ఉపదేశము పనికిరాదు. డెన్మార్కున లక్షకు పైగ జనులను పరిశీలించి 2021లో ప్రకటించిన అధ్యయనమున, విరామవేళ చేయు వ్యాయామము ఆయుర్వృద్ధికరమనియు, వృత్తిలో భాగముగ చేయు కఠినశ్రమ అట్లు కాక అపాయమును పెంచుచున్నదనియు తేలెను. బరువులు మోయుట, దినమంతయు వంగి నిలుచుట, విశ్రాంతి లేకుండుట గుండెకు మేలు చేయవు. కూలితల్లికి కావలసినది మరికొన్ని వేల అడుగులు కాదు. నడుము వాల్చుటకు ఒక గంట, ముద్దకు తోడు కాస్త పప్పు. అయినను 2007లో ఆలియా క్రమ్, ఎలెన్ లాంగర్ అను మనశ్శాస్త్రజ్ఞులు అమెరికా హోటళ్లలో గదులు శుభ్రపరచు 84 మంది స్త్రీలపై జరిపిన పరిశోధన స్మరణీయము. మీరు చేయు పనియే మంచి వ్యాయామమని వివరించి చెప్పినవారికి నాలుగు వారములలో బరువు, రక్తపోటు కొంత తగ్గెను. దీనిని అన్నిచోట్ల స్థిరసిద్ధాంతముగ తీసికొనరాదు గాని, శ్రమించువారి శ్రమను గుర్తించి చెప్పుట కూడ వైద్యములో ఒక భాగమని అది సూచించుచున్నది.

మదనపల్లెకు సమీపమున ఆరోగ్యవరమునందు 1915లో ప్రారంభమైన క్షయరోగ సానిటోరియము ఈ సందర్భమున నాకు జ్ఞప్తికి వచ్చును. క్షయకు మందులింకను పుట్టని ఆ కాలమున సానిటోరియముల చికిత్స విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, నిర్మలమైన గాలి, క్రమక్రమముగ పెంచు నడక. ఎవరు ఎంత నడువవలెనో రోగి బలమును, జ్వరమును చూచి వైద్యుడు నిర్ణయించును. అందరికిని ఒకే సంఖ్య యన్న భావనయే అక్కడ లేదు. నేటి బ్యాండు మొట్టమొదట చేయవలసినదియు అట్లు మనిషిని బట్టి లెక్కను నిర్ణయించుటయే. ఆరోగ్యవరమునకు పేరు తెచ్చిన మరియొక గుణము, వైద్యబృందము చుట్టుపట్ల పల్లెలకు పోయి జనులను మరల మరల పరీక్షించుట. ఈ ‘మరల పలుకరించుట’ యనునది ఎంత బలమైనదో మద్రాసున డాక్టరు అంబాడి రామచంద్రన్ బృందము మధుమేహ నివారణలో నిరూపించినది. మధుమేహమునకు చేరువైన 537 మంది పురుషులలో సగముమందికి ఆహారవ్యాయామములను గుర్తుచేయు సెల్‌ఫోను సందేశములను రెండేండ్లు పంపగా, వారిలో నూటికి 18 మందికి, సందేశములు లేనివారిలో నూటికి 27 మందికి మధుమేహము సంక్రమించెను. ఆ సందేశములు అడుగులను లెక్కించినవి కావు. ప్రతి మనిషికిని అతని సిద్ధతను బట్టి తగిన మాటను చెప్పినవి. వేయి రూపాయల బ్యాండు లేకున్నను ఒక పలుకరింపు పనిచేసినదనుట మన బీద సీమకు శుభవార్త.

అడుగులను లెక్కపెట్టుచు నడచుట తెలుగువారికి అలవాటు లేనిది కాదని కూడ చెప్పవలెను. అలిపిరినుండి తిరుమలకు 3,550 మెట్లు, శ్రీవారిమెట్టు మార్గమున 2,388 మెట్లు అని మా చిత్తూరు సీమలో బాలురు సైతము చెప్పుదురు. మోకాళ్లు సహకరింపని ముదుసలులు మెట్టుమెట్టునకు పసుపుకుంకుమలు పెట్టుచు ఆ కొండనెక్కుట నిత్యదృశ్యము. ఆ సంఖ్య వారిని అలసింపదు, ఎట్కిన్ ప్రయోగములలోవలె వారి ఆనందమును హరింపదు. ఎందుకనగా అది నడకకు ప్రయోజనము కాదు, ప్రయోజనమునకు దూరము మాత్రమే. రాజకీయముల సంగతి అట్లుంచి, పాదయాత్రలకును ఇదియే వర్తించును. 2003లో రాజశేఖరరెడ్డి చేవెళ్లనుండి ఇచ్ఛాపురమునకు నడచిన యాత్రగాని, జగన్మోహనరెడ్డి 3,648 కిలోమీటర్ల యాత్రగాని, 2023 జనవరి 27న కుప్పముననే ఆరంభమైన లోకేశ్ యువగళముగాని తమ కిలోమీటర్లను దినదినము ప్రజలకు ప్రకటించినవే. కాని నడిపించినది ఎదురుచూచు జనము. గృహస్థుని ఉదయపు నడకకు అంత జనము అక్కరలేదు. వీథి చివర వేచియుండు ఒక్క మిత్రుడు చాలును. ‘ఏమన్నా, నిన్న రాలేదే’ అని అడుగు గొంతునకు ఉన్న శక్తి మణికట్టుపై వణకు యంత్రమునకు లేదు.

కావున ఈ పరికరమును కొనదలచినవారికి నా సలహా యిది. సెల్‌ఫోను జేబులో నుండిన చాలు, అదియే అడుగులను తగినంత సరిగ లెక్కించును. మొదటి వారము నడకను ఏమాత్రము మార్చక దానితోనే మీ సగటును తెలిసికొనుడు. ఆ సగటునకు వేయి అడుగులు చేర్చి, అది అలవాటైన పిమ్మటనే మరి వేయి చేర్చుడు. బ్యాండులోని పదివేల గురిని మీ చేతులారా మార్చుకొనుడు. మధుమేహము, గుండెజబ్బు, మోకాళ్ల నొప్పి కలవారు ముందుగ వైద్యుని అడుగవలెను. వారమునకు నూటయేబది నిమిషముల చురుకైన నడకయు, రెండునాళ్లు కండరములకు బలము చేకూర్చు వ్యాయామమును ప్రపంచ ఆరోగ్యసంస్థ విధించినవి. ఈ రెండవదానిని అడుగుల లెక్క చూపదు గనుక మరచిపోవుట సులభము.

తక్కినది ఊరి బాధ్యత. కౌండిన్య అభయారణ్యపు అంచున నున్న పల్లెలలో తెల్లవారకముందు ఏనుగులు తిరుగు భయము కలదు. అక్కడివానికి వేకువనడక బోధించుట అపాయకరము. వి.కోట పట్టణమున రహదారివెంట లారీల మధ్య నడచుట మరియొక అపాయము. ఆడవారు చీకటిపడిన పిదప ఒంటరిగ నడువజాలరు, పగలు వారికి తీరిక లేదు. బ్యాండు ఎన్నిమార్లు వణకినను ఈ చిక్కు తీరదు. హైస్కూలు మైదానమును సాయంకాలము తెరచి, రాత్రి ఎనిమిది గంటలవరకు దీపములు వెలిగించి, త్రాగునీరు, ఆడవారికి మరుగుదొడ్డి ఏర్పరచుటకు పంచాయతీకి అగు ఖర్చు, ఆ ఊరివారు ఏటేట బ్యాండులపై పెట్టు ఖర్చుకంటె మించదని నా నమ్మకము; ఆ మైదానము తెరచిననాడు అడుగులను లెక్కించు యంత్రమునకు కూడ లెక్కించుటకు ఏదైన ఉండును.